డోర్ తీసే వేషం

అబ్బీ పెంచలయ్యా,
టీవీలోకి యెట్లా దూరాల అని రోజూ పీకుతుండావు గదా,
ముందు ఆ ఫోను పక్కన పెట్టు.
అద్దంలో ఏడ్చి చూసుకోవడం కాదది.

మూడు పోటోలు తీయించుకో.
ఎదురుగ్గా ఒకటి, పక్కకొకటి,
మూడోది నీకు తెలీకుండా ఎవురన్నా తీసింది.
నాకు మూడోదాంతోనే వచ్చింది వేషం:
ఫర్వానియాలో బకాలా ముందర
ఖుబ్బూస్ సంచి చంకన పెట్టుకొని
చిల్లర లెక్కేసుకుంటా ఉండా.

సివిల్ ఐడి నకలు. కఫీల్ చేతి కాగితం.
అది లేకుండా పోతే నటన సంగతి అట్లుండనీ,
నువ్వు యెక్కే బండే వేరే.
మా బాబా మూడు వారాలు తిప్పుకున్నాడు.
నాలుగో శుక్రవారం దీవానియాలో
"మా డ్రైవరు స్టారవుతాడంట" అని
అందరికీ వినపడేట్టు నవ్వి, సంతకం పెట్టినాడు.
తలొంచుకొని నిలబడినా.
అదే నా మొదటి ఆడిషన్ అని ఇప్పుడు గొప్పగా చెప్పొచ్చు.
అప్పుడు మాత్రం చెవులు కాలినాయి, అంతే.

మనుషుల్ని తోలే ఈజిప్టాయన, ఫత్హీ,
"ఇంతకుముందు చేసినావా?" అన్నాడు.
చేసినా. పులేషం. రాయచోటిలో పీర్ల పండక్కి,
వరసగా నాలుగేండ్లు.
ఆయనకు పాలుపోలే.
జిలీబ్ సందులో, మురుగునీళ్ళ పక్కన,
డప్పు లేకుండానే నాలుగడుగులేసి చూపించినా.
బంగ్లా మంగలి ఎవురిదో సగం గడ్డం మీద కత్తి ఆపి చూసినాడు.
ఫత్హీ పేరు రాసుకున్నాడు.
పులి అని కాదు. డ్రైవరని.

రంజాన్ సీరియలు. సాల్మియాలో అద్దెకు తీసుకున్న మేడ.
తెల్లారి నాలుక్కి బస్సు,
మధ్యాన్నం రెండు దాకా ప్లాస్టిక్ కుర్చీ.
కూర్చోవడమే చానామందికి చేతగాదబ్బీ.
కండలు పెంచుకొని వచ్చిన పిల్లోడొకడు
పదకొండుకే అలిగి పోయినాడు.

పెద్దామె కారు దిగాల. నేను డోర్ తీయాల.
తీసి "హాదిర్" అనాల. ఒకటే మాట.
పదకొండేండ్లుగా అంటా ఉండే మాట,
నిద్రలో కూడా అంటానని మీరే గదా ఎగతాళి చేసేది.
కెమెరా ముందర అది
ఎండు ఖర్జూరం మాదిరి అంగిట్లో ఇరుక్కునె.
రెండు. ఐదు. తొమ్మిదో టేకు.

డైరెక్టరు ఆడమనిషి. కేకలెయ్యలే.
దగ్గరకొచ్చి, "నిజంగా నీ పనేంది?" అనింది.
డ్రైవర్నే.
"మరి ఆమె ముఖం యెందుకు చూస్తాండావు?
ఇంటికాడ చూస్తావా?"

చూడను.
డోర్ అంచు చూస్తా.
చెప్పుకింద రాయుందేమో చూస్తా.
అబాయా కొంగు ఇరుక్కుంటాదేమో చూస్తా.
పదో టేకులో కొంగు చూసినా.
మాట దానంతటదే వచ్చింది.

ఏడు దినార్లు, ఒక మజ్బూస్ పొట్లం.

ఇఫ్తారైనాక మన గదిలో పద్నాలుగు మందిమి చూసినాం గదా.
ముఖం కోసేసినారు. చెయ్యి మిగిలింది.
బొటనవేలి మీద జాకీ కోసిన గీత.
అందరూ ఈలలేస్తే నువ్వొక్కడివే
"ముఖమేదన్నా?" అన్నావు.

నువ్వడగనిది ఒకటి చెప్తా విను.
మరుసటి పొద్దున మా మేడమ్‌కు డోర్ తీసినా.
ఒక కాలు కింద పెట్టి ఆగింది.
నా చేతి వంక చూసింది.
ఏమీ అనలే. దిగి పోయింది.
నేను మాత్రం ఆ పొద్దు
డోర్ యెన్నిసార్లు తీసినానో లెక్కపెట్టుకున్నా,
యెందుకో.

సరే, శుక్రవారం తొమ్మిదికి
నేపాలీ చాయంగడి కాడికి రా. ఫత్హీ వస్తాడు.
గ్యాసుబండ మోసేవాని వేషముందంట,
మూడు మెట్లెక్కితే చాలు.
బండ ఖాళీదే ఇస్తారు.
బరువు నువ్వు తెచ్చుకోవాల.